పొరుగు కూటమికి ఎనిమిదో తలుపు

పొరుగువాళ్ళు ఒకరికొకరు దగ్గర కావాలంటే ముందుగా చేయవలసిన పని, వాళ్ళ మధ్య దారి మూసేయడం!

ఈ మాటకి మీరు నవ్వుతారని తెలుసు. నేనూ మొదట నవ్వాను. అప్పటికి నాకు లోకజ్ఞానం లేదు. ముందుగదిలో కుట్టు మిషను పెట్టుకుని, పొద్దున్నే దేవుడికి దండం, పగలంతా చొక్కాలూ ప్యాంట్లూ, సాయంత్రం మళ్ళీ దేవుడికి దండం. ఇదీ నా బతుకు. చదువు కూడా బిల్లు రాసుకోవడానికీ, ప్రార్థన పుస్తకం చదువుకోవడానికీ సరిపోయేంతే. అలాంటివాడికి అంతర్జాతీయ వ్యవహారాలు ఎలా తెలుస్తాయి?

దేవుడి దయవల్ల ఇరుగుపొరుగు దేశాల కూటమివారు తమ ప్రధాన కార్యాలయాన్ని తెచ్చి మా సందు చివర పెట్టారు. దాంతో జ్ఞానమే నన్ను వెతుక్కుంటూ మా గుమ్మం దాకా వచ్చింది. గుమ్మం దాకా ఏమిటి, గుమ్మం దాటి లోపలికి కూడా వచ్చేసింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

కూటమి పుట్టినప్పుడు దానికి ఉన్నది ఒకే ఒక లక్ష్యం. గేటు పక్క గోడ మీద పాలరాతిలో చెక్కించారు: 'పొరుగువారిని దగ్గర చేయుట.' చదవగానే నాకు కళ్ళు చెమర్చాయి. ఎంత చక్కటి మాట! కానీ తర్వాత ఎవరో పెద్దమనిషికి అనుమానం వచ్చింది. ఇంత పెద్ద భవనం కట్టి ఒక్క లక్ష్యమేనా? చూసేవాళ్ళు ఏమనుకుంటారు? అందుకని వ్యాపారం, వానలు, వలస పక్షులు, దోమలు, తపాలా బిళ్ళల సైజు, ఇలా చేర్చుకుంటూ పోయారు. కొత్త లక్ష్యం వచ్చినప్పుడల్లా పాత పలకల్ని కిందికి దింపి, పైన కొత్తది చెక్కించి పెడతారు. మొదటిది అలా కిందికి దిగి దిగి నేలకి ఆనుకుంది. ఇప్పుడు దాని ముందు ఒక పూలకుండీ ఉంది. కుండీకి నీళ్ళు పోసినప్పుడల్లా ఆ లక్ష్యం కూడా తడుస్తూ ఉంటుంది. మరి ఎదుగుదల అంటే ఇది కాదూ?

కూటమికి ప్రాణం సమానత్వం. ఒక దేశం ప్రతినిధి ఇంకో దేశం ప్రతినిధి కంటే ముందు లోపలికి అడుగుపెడితే, వెనకాయనకి చిన్నతనం. అందుకని గుండ్రటి భవనం కట్టి, ఎన్ని దేశాలో అన్ని తలుపులు పెట్టారు. గంట కొట్టగానే తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకోవాలి. అందరూ ఒక్కసారే రావాలి, ఒక్కసారే కూర్చోవాలి. ఒక్కరు తక్కువైనా మిగతావాళ్ళు నిలబడే ఉండాలి.

ఇంకో నియమం కూడా ఉంది. వచ్చినవారిని 'తమరెవరు?' అని అడగకూడదు. ఒకసారి కొత్త కాపలావాడెవడో ఒక మంత్రిగారిని ఆపి ఆ ప్రశ్న అడిగాడట. ఆయన అలిగి వెనక్కి వెళ్ళిపోయాడు. కూటమి పని ఏడాదిపాటు ఆగిపోయింది. ఆగిపోయినట్టు ఎవరికీ తెలియలేదనుకోండి, అది వేరే విషయం.

టైము సంగతి చూడండి. ఒక్కో దేశంలో ఒక్కో టైము. ఎవరి గడియారం ప్రకారం సమావేశం మొదలుపెట్టాలి? మనలాంటివాళ్ళమైతే కొట్టుకు చచ్చేవాళ్ళం. వాళ్ళు అన్ని టైములూ కలిపి సగటు తీశారు. ఆ సగటు టైము ఏ దేశంలోనూ ఏ గడియారంలోనూ ఉండదు. కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు!

టీ విషయంలోనూ అంతే. అక్కడి క్యాంటీన్ అబ్బాయి నా దగ్గరే ప్యాంట్లు కుట్టించుకుంటాడు. ఒకరోజు కొలతలిస్తూ చెప్పాడు.

"ఒకాయన పాలు వద్దంటాడు. ఒకాయన పంచదార వద్దంటాడు. ఇంకొకాయన అసలు టీ పొడే వద్దంటాడు బాబాయ్. అందరూ ఒప్పుకున్నవి నీళ్ళు. అవీ చల్లగానా, వేడిగానా అని రెండు సమావేశాలు."

"చివరికి?"

"వేడివి. కానీ చల్లారాక తాగాలి."

ఇంత ఏకాభిప్రాయం మీ ఇంట్లో ఎప్పుడైనా చూశారా?

ఆ కూటమికి సేవ చేసే భాగ్యం నాకూ ఒకసారి దక్కబోయింది. అక్కడ ఏర్పాట్లు చూసే అధికారి ఒకరున్నారు. సన్నగా, ఎప్పుడూ పరుగు మీద ఉంటారు. ఆయన ఓ రోజు మా మిషను దగ్గరికొచ్చి, పెద్ద గుండ్రటి బల్లకి గుడ్డ కుట్టమన్నారు.

"ఒక్కటే షరతు. కుట్టు ఉండకూడదు."

"అయ్యా, అంత వెడల్పు బట్ట ఎక్కడా దొరకదు. రెండు ముక్కలు కలిపి కుట్టాల్సిందే."

"కుట్టు ఎవరో ఒకరి ముందుకి వస్తుందయ్యా. సరిహద్దులా కనిపిస్తుంది. ఎవరి ముందు గీద్దామంటావు?"

"పోనీ, కనిపించకుండా లోపలికి మడిచి కుడతాను."

ఆయన ముఖం పాలిపోయింది. "రహస్య సరిహద్దా!"

ఆ బల్ల ఇప్పటికీ గుడ్డ లేకుండానే ఉంది.

ఇలా సాఫీగా సాగుతుండగా, ఎక్కడో కొండల మధ్య ఉన్న ఒక చిన్న దేశం ఏడో సభ్యురాలిగా చేరింది. ఊరంతా దీపాలు పెట్టారు. నేనూ దేవుడికి రెండు పూలు ఎక్కువ పెట్టాను. ఏడో సభ్యురాలికి ఏడో తలుపు కావాలి కదా? ఆ తలుపు సరిగ్గా మా సందుకి ఎదురుగా వచ్చింది.

ఇక్కడ మా సందు గురించి చెప్పాలి. ఒక పక్క నా ఇల్లు. ఎదురుగా మా అక్క ఇల్లు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చెయ్యి చాపితే, అక్క అటునుంచి చెయ్యి చాపి ఉప్పు డబ్బా అందుకునేది. అంతే వెడల్పు. బావ పోయాక అక్క ఒక్కతే ఉంటోంది. చూపు బాగా తగ్గిపోయింది. వెలుగూ చీకటీ తెలుస్తాయి, మనిషి ఆకారం తెలుస్తుంది, అక్షరాలు తెలియవు.

మా అమ్మ పోతూ పోతూ పంచిపెట్టినవి రెండే రెండు వస్తువులు. ప్రార్థన పుస్తకం నాకిచ్చింది. దీపం అక్కకిచ్చింది. "దీపం లేకుండా పుస్తకం తెరవకండి, పుస్తకం లేకుండా దీపం వెలిగించకండి" అని చెప్పింది. చదువుకోని మనిషి. ఎందుకలా పంచిందో అప్పట్లో మాకు అర్థం కాలేదు. అప్పట్నుంచీ రోజూ సాయంత్రం నేను పుస్తకం పట్టుకుని సందు దాటేవాణ్ణి, అక్క దీపం వెలిగించేది, నేను చదివేవాణ్ణి.

ఏడో తలుపు వచ్చాక మా సందుకి 'మైత్రీ మార్గం' అని పేరు పెట్టారు. నేలమీద ఎర్ర తివాచీ పరిచారు. రెండు పక్కలా ఇనుప కంచె వేశారు. తివాచీ అడ్డంగా దాటడం నిషేధం. స్నేహానికి అడ్డుపడినట్టవుతుందట!

దీనివల్ల మాకు కలిగిన లాభాలు చూడండి. గిరాకీలు రావడం మానేశారు, నా కళ్ళకి విశ్రాంతి దొరికింది. అక్క ఇంటికి వెళ్ళాలంటే మా పెరటి గుమ్మంలోంచి దిగి, బజారు దాటి, రైలు గేటు దగ్గర నిలబడి, గోడౌన్ల వెనకనుంచి తిరిగి అక్క పెరటికి చేరాలి. చక్కటి వ్యాయామం! మా ఆవిడకీ అక్కకీ మధ్య చిన్నచిన్న మాట పట్టింపులుండేవి. అవి పూర్తిగా పోయాయి. మాటలుంటే కదా పట్టింపులు!

మోకాళ్ళు మాత్రం కూటమి లక్ష్యాలని అర్థం చేసుకోలేకపోయాయి. మొదట రోజూ వెళ్ళేవాణ్ణి. తర్వాత రోజు విడిచి రోజు. ఆ తర్వాత ఎప్పుడో ఒకసారి. గుమ్మంలో నిలబడి గట్టిగా చదివి వినిపిద్దామని చూశాను. కాపలావాడు వచ్చి, మైత్రీ మార్గంలో పెద్దగా మాట్లాడకూడదన్నాడు. చిన్నగా చదివితే అక్కకి వినపడదు.

ఒకరోజు కంచె అవతల్నుంచి అక్క అడిగింది. "ఒరేయ్ తమ్ముడూ, ఇవాళ కూడా దీపం వెలిగించొద్దా?"

లేచి చొక్కా తొడుక్కున్నాను.

అధికారిగారి దగ్గరికి వెళ్ళాను. కంచెలో మనిషి పట్టేంత సందు చాలని బతిమాలాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"మీకూ మీ అక్కగారికీ తగాదా ఏమైనా ఉందా?"

"లేదండీ."

"ఉంటే ఇబ్బందయ్యేది. ఇద్దరి మధ్య తగాదాలు కూటమి చర్చించకూడదు. అది రూలు."

"అమ్మయ్య! లేదు కాబట్టి చర్చిస్తారా?"

"తగాదా లేనప్పుడు చర్చించడానికి ఏముందయ్యా?"

ఎంత పకడ్బందీ ఆలోచన! ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ మాత్రం మెచ్చుకోలేదు. "ఏవండీ, వాళ్ళది మెదడా, మీ మిషను బాబినా? తిరిగిన చోటే తిరుగుతోంది" అంది. ఆడవాళ్ళకి దౌత్యం తెలియదు.

ఇంతలో శిఖరాగ్ర సమావేశం వచ్చింది. ఏడో దేశం మొదటిసారి హాజరు కాబోతోంది. ఆ దేశం ప్రతినిధి ఎలా ఉంటారో ఎవరూ చూడలేదు. జుట్టు నెరిసిన పెద్దవారనీ, హంగూ ఆర్భాటం లేకుండా నడిచి వస్తారనీ మాత్రం కబురొచ్చింది. ఆ సాయంత్రం కాపలావాళ్ళంతా ఇస్త్రీ బట్టల్లో వరసగా నిలబడ్డారు. సగటు టైము అయింది. గంట మోగింది. మైత్రీ మార్గం మాత్రం ఖాళీగా ఉంది!

ఎందుకు ఖాళీగా ఉందో మీరు గ్రహించే ఉంటారు. కొత్త సభ్యులు కదా, పాపం, వాళ్ళ దేశం టైముకి బయల్దేరారు.

అదే సమయానికి అక్క గుమ్మం తెరుచుకుంది. తోటమాలి కుండీలకి నీళ్ళు పోయడానికి అటువైపు కంచెలో చిన్న గేటు పెట్టించుకున్నాడు. ఆ రోజు హడావుడిలో మూయడం మరిచిపోయాడు. గంట విని ప్రార్థన వేళయిందనుకున్న అక్క, కర్రతో తడుముకుంటే కంచె తగల్లేదు. దారి తెరిచారనుకుంది. పుస్తకం దీపం దగ్గరికి రాలేకపోతే, దీపమే పుస్తకం దగ్గరికి వెళ్ళాలనుకుంది. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో వెలుగుతున్న దీపం పట్టుకుని తివాచీ మీద అడుగుపెట్టింది.

తెల్లటి జుట్టు. నిదానమైన నడక. చేతిలో దీపం. కాపలావాళ్ళు ఒక్కసారిగా సెల్యూట్ కొట్టారు! వాళ్ళ దేశం ఆచారం అలాగే ఉంటుందనుకున్నారు. ఎవరని అడగడానికి వీల్లేదు. ఇద్దరు ఇరుపక్కలా నిలబడి ఎంతో మర్యాదగా ఆమెను ఏడో తలుపు వైపు నడిపించారు.

నేను పుస్తకం చంకలో పెట్టుకుని బయటికి పరిగెత్తాను. "అక్కా! అటు కాదే!" అని అరిచాను. కాపలావాడు నా చంకలో ఉన్నది చూశాడు. "సెక్రటరీగారా? ఇంత ఆలస్యమైతే ఎలాగండీ?" అంటూ కంచె పక్కకి జరిపి లోపలికి తోశాడు.

లోపల ఆరుగురు పెద్దమనుషులు కాళ్ళు పీకుతుండగా నిలబడి ఉన్నారు. అక్క కనపడగానే ఆరుగురూ ఒక్కసారే హమ్మయ్య అనుకుంటూ కుర్చీల్లో కూలబడ్డారు. అధికారిగారు నన్ను చూసి గుడ్లు తేలేశారు. దగ్గరికొచ్చి చెవిలో అడిగారు.

"నువ్వు దర్జీవి కదూ?"

"ఎవరని అడగకూడదు కదండీ?"

ఆయన గబుక్కున వెనక్కి తగ్గి నాకు దారిచ్చారు.

"ఒరేయ్, ఇది మన ఇల్లేనా? ఇంత చలేమిటిరా?" అంది అక్క. చేత్తో తడిమి, దీపాన్ని బల్ల మీద పెట్టింది. నీళ్ళు కాకుండా, ఆ బల్ల మీద అందరూ ఒప్పుకున్న వస్తువు పెట్టడం అదే మొదటిసారి. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

అధ్యక్షుడు లేచి, కొత్త సభ్యురాలు తొలి ప్రసంగం చేయాలని కోరాడు.

"ప్రసంగమా? ఏం చెప్పమంటావు బాబూ?" అంది అక్క. "ఎదురింట్లో మా తమ్ముడున్నాడు. మధ్యలో దారి మూసేశారు. తెరవండి. అంతే."

ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ మాట తమ ఉత్తరపు సరిహద్దు గురించే అని ఆయన అనుకున్నాడట. ఉత్తరపాయన, తమ దక్షిణపు సరిహద్దు గురించి అనుకున్నాడట. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, చప్పున చూపులు తిప్పుకున్నారు. తర్వాత చప్పట్లు! ఆరుగురూ లేచి నిలబడి ఒకటే చప్పట్లు! కూటమి పుట్టినప్పటి నుంచి ఇంత లోతైన ప్రసంగం వినలేదని అధ్యక్షుడన్నాడు.

దీపం వెలుగుతోంది. పుస్తకం నా చేతిలో ఉంది. ఎన్నాళ్ళకో! నేను ఆగలేక ఆ రోజు పాఠం తెరిచి చదివేశాను. ఏడో దేశం జాతీయగీతం అనుకుని అందరూ తలలు వంచి విన్నారు. అక్క కళ్ళు మూసుకుని చేతులు జోడించింది.

చివరి మాట పూర్తవుతుండగా ఏడో తలుపు దగ్గర దగ్గు వినిపించింది. తెల్లజుట్టు పెద్దాయన ఒకరు, చేతిగడియారం చూసుకుంటూ, "నేను సరిగ్గా సమయానికే వచ్చానే!" అంటున్నారు.

ఇప్పుడేం చేయాలి? కూర్చున్నవారిని లేవమంటే అవమానం. వచ్చినవారిని పొమ్మంటే అవమానం. ఇలాంటప్పుడే కూటమి గొప్పతనం బయటపడేది! ఆలోచించి, అక్కను ఎనిమిదో సభ్యురాలిగా చేర్చుకున్నారు.

"తమ జనాభా ఎంతండీ?" అన్నాడు అధ్యక్షుడు.

"నేనొక్కదాన్నే బాబూ. దారి తెరిస్తే వీడూ, వీడి పెళ్ళామూ కూడా వస్తారు. ముగ్గురమవుతాం."

"ఒక్క నిర్ణయంతో మూడింతలు!" అన్నాడు అధ్యక్షుడు ఆనందం పట్టలేక. "ఇంత వేగమైన ఎదుగుదల మన కూటమిలో ఏ దేశానికీ లేదు!"

అక్క మాటలు వృథా పోలేదు. 'ఎదురింటి దారి తెరుచుట' అన్న లక్ష్యాన్ని గోడ మీద అన్నిటికంటే పైన చెక్కించారు. దారి ఎలా తెరవాలో ఆలోచించడానికి ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ కూర్చోవడానికి గది కావాలి కాబట్టి కంచెను ఇంకాస్త ముందుకి జరిపారు.

సభ్యులు ఎనిమిది మంది అయ్యాక తలుపులూ ఎనిమిది కావాలి కదా? అధికారిగారు మర్నాడే మా ఇంటికొచ్చారు.

"దర్జీగారూ, మీ టేపు ఒకసారి ఇస్తారా?"

ఇచ్చాను. ఏడో తలుపు దగ్గర్నుంచి కొలుచుకుంటూ, కంచె దాటి, మా గుమ్మం దాటి, ముందుగదిలోకి వచ్చారు. నా కుట్టు మిషను దగ్గర ఆగారు.

"ఎనిమిదో తలుపు ఇక్కడికొస్తుంది. ఇల్లు ఖాళీ చెయ్యాలి. టేపు మీదే కాబట్టి కొలత మీద మీకు అనుమానం ఉండక్కర్లేదు."

"అయ్యా, ఈ తలుపు మా అక్క కోసమే కదండీ?"

"ఆవిడ గౌరవార్థమే."

"ఆవిడ రావాలనుకుంటున్నది మా ఇంటికి కదండీ?"

"మీ ఇల్లు ఉండదు కదయ్యా."

"అదేనండీ నేననేది."

"నేననేదీ అదే."

ఇద్దరం ఒకే మాట మీద ఉన్నాం. ఏకాభిప్రాయం కుదిరింది!

మేము మిషనూ, మంచమూ, గిన్నెలూ బండిలో వేసుకుని, బజారు దాటి, రైలు గేటు దగ్గర నిలబడి, గోడౌన్ల వెనకనుంచి తిరిగి, అక్క ఇంటికి చేరాం. ఇప్పుడు అక్క వరండాలోనే కుడుతున్నాను. సాయంత్రమయ్యేసరికి దీపమూ పుస్తకమూ ఒకే గదిలో ఉంటున్నాయి. మా ఆవిడకీ అక్కకీ మాట పట్టింపులు మళ్ళీ మొదలయ్యాయి. నిన్న ఉప్పు డబ్బా ఏ అరలో ఉండాలన్న దాని మీద ఒక శిఖరాగ్ర సమావేశమే జరిగింది. ఆ చప్పుడు వింటుంటే నాకు ఎంత హాయిగా ఉందో!

మరి చూశారా? 'పొరుగువారిని దగ్గర చేయుట.' మొదటి లక్ష్యం నెరవేరింది. ఎవరి వల్ల? కూటమి వల్లే! దారి ఉన్నన్నాళ్ళూ మేము ఎదురెదురు ఇళ్ళవాళ్ళమే. దారి మూశాకే ఒక ఇంటివాళ్ళమయ్యాం. ఇల్లు పోతే పోయింది. ఇల్లు పోకుండా కూడా అమ్మ ఇదే పని చేసిందే అని ఒక్కోసారి అనిపిస్తుంది. కానీ అమ్మకి పాలరాయి లేదు కదా, ఎవరు గుర్తిస్తారు?

పోయిన వారం ఓ సాయంత్రం ప్రార్థన మధ్యలో పెరటి తలుపు చప్పుడైంది. తీశాను. అధికారిగారు. చుట్టూ తిరిగి వచ్చారేమో, రొప్పుతున్నారు.

"దర్జీగారూ, శుభవార్త! తొమ్మిదో దేశం చేరుతోంది. ఒకసారి మీ టేపు..."

అక్క దీపం దగ్గర్నుంచి, "ఎవర్రా?" అంది. నేను దేవుడి వైపు చూశాను. దీపం ముందు అబద్ధమాడకూడదు. టేపు ఉంది. అడిగితే ఇవ్వాలి. "రేపు పొద్దున్న ఇస్తానండీ" అని చెప్పి పంపించాను.

తెల్లారి టేపు ఇచ్చాను. ఇచ్చేముందు మధ్యలో జానెడు ముక్క కత్తిరించి తీసేసి, అటూ ఇటూ కలిపి, కుట్టు కనిపించకుండా లోపలికి మడిచి కుట్టాను. రహస్య సరిహద్దు!

ఆయన రోజంతా కొలిచారు. టేపు వేసిన ప్రతిసారీ జానెడు తేడా పడి, కొత్త కొలతల ప్రకారం తొమ్మిదో తలుపు మా వైపు రావడం లేదు. కార్యాలయం వెనక అధికారిగారు కాపురముంటున్న క్వార్టరు ఉంది. సరిగ్గా అక్కడికొస్తోందట, ఆయన వంటింట్లోంచి. పాపం, ఇల్లు ఖాళీ చెయ్యమని ఆయనకి ఆయనే కాగితం ఇచ్చుకోవలసి వచ్చింది.

నేను చేసింది పాపమేనేమో! దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. అందుకే నిన్న కంచె అవతల ఆయన దిగాలుగా నిలబడి ఉంటే, నేనే పిలిచాను.

"సామాన్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదయ్యా" అన్నారు.

"పొరుగువాళ్ళం మేమున్నాం కదండీ? మా వరండాలో ఓ మూల ఖాళీగానే ఉంది. రండి!"

ఆయన కళ్ళు తడిశాయి. అలాగే తివాచీ మీద కాలు పెట్టబోయారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"అటు కాదండీ, బజారు మీదుగా!"